నెత్తుటి అక్షరాలు తలరాత కావు

మా ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివే ఒక పిల్ల ఒకరోజు సాయంత్రం కార్డు పట్టుకొని నా దగ్గరికొచ్చింది. సికిల్ సెల్ పరీక్షలు చేసిన వాళ్లు ఇచ్చిన కార్డు అది. అందులో 'వాహకురాలు' అని రాసి ఉంది. ఆ మాట ఇంట్లో వాళ్లకు అర్థం కాలేదు. ఊరికి మాత్రం తొందరగా అర్థమైపోయింది: ఆ ఇంట్లో నెత్తురు జబ్బు ఉంది. పిల్ల అక్కకు మాట్లాడుకున్న సంబంధం వాళ్లు వెనక్కి పోయారు. అక్కకు అసలు పరీక్షే చేయలేదు. చెల్లెలి కార్డు చాలింది.

"సార్, ఇది నా తలరాతా?" అని అడిగింది ఆ పిల్ల.

నేను టీటీసీ చేసినవాణ్ని. డాక్టర్ని కాదు, శాస్త్రవేత్తను కాదు. ఆ రోజు 'కాదమ్మా' అని మాత్రం అన్నాను. ఎందుకు కాదో చెప్పడానికి నాకు చాలా రోజులు చదువుకోవాల్సి వచ్చింది. చదువుతున్నకొద్దీ నాకు ఒక సంగతి తెలిసింది. ఆ పిల్లను బాధపెట్టింది జబ్బు కాదు. ఆమె ఒంట్లో జబ్బు లేనే లేదు. ఆమెను బాధపెట్టింది జన్యువుల గురించి మనం వాడుతున్న భాష.

విమర్శ అంటే కథల మీద, కవితల మీద మాత్రమే రాసేది అనుకుంటాం. మన ఒంటి గురించి, మన జాతి గురించి పైవాళ్లు వాడే మాటల్ని కూడా పరిశీలించాలి. అందుకే ఈ వ్యాసం. జీనోమ్ అంటే ఏమిటో, దాన్ని మొత్తంగా ఎలా చదువుతారో ముందు నాకు అర్థమైనంత చెబుతాను. ఆ తర్వాత ఆ శాస్త్రం గురించి చెప్పే మాటల్లో ఏది నిజమో, ఏది ఎక్కువైందో, ఏది దాచిపెట్టారో చూద్దాం.

ఒక్క అక్షరం కథ

మన ఒంట్లోని కణాల్లో డీఎన్‌ఏ అనే సన్నని పొడుగాటి దారం ఉంటుంది. ఆ దారం మీద నాలుగు రకాల రసాయనాలు వరసగా అమరి ఉంటాయి. వాటిని ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో గుర్తిస్తారు. మనిషిలో ఈ దారం 23 జతల క్రోమోజోములుగా చుట్టుకొని ఉంటుంది. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ఒక జీవి కణంలో ఉన్న ఈ డీఎన్‌ఏ మొత్తాన్ని జీనోమ్ అంటారు. మనిషి జీనోమ్‌లో ఒక వైపు నుంచి వచ్చినవే సుమారు 300 కోట్ల అక్షరాలు. సెకనుకు ఒకటి చొప్పున, నిద్ర లేకుండా పైకి చదివితే దాదాపు 95 ఏళ్లు పడుతుంది.

ఇందులో ప్రొటీన్ ఎలా తయారుకావాలో చెప్పే భాగాలు సుమారు 20,000 ఉన్నాయి. మనం మామూలుగా జన్యువులు అనేవి ఇవే. ప్రొటీన్ తయారీకి నేరుగా పనికొచ్చే అక్షరాలు మొత్తంలో ఒకటి రెండు శాతమే. మిగిలిన దాంట్లో కొంత జన్యువులు ఎప్పుడు పనిచేయాలో ఎప్పుడు ఆగాలో చూసుకుంటుంది. మరి కొంత భాగం పని ఏమిటో శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ పిల్ల కార్డు దగ్గరికి వద్దాం. 11వ క్రోమోజోమ్ మీద నెత్తుటి ఎరుపుకు సంబంధించిన ఒక జన్యువు ఉంది. హిమోగ్లోబిన్‌లో ఒక భాగం దాని ప్రకారమే తయారవుతుంది. ఆ జన్యువులో ఒకచోట 'జిఎజి' ఉండాలి. కొందరిలో అది 'జిటిజి' అవుతుంది. 300 కోట్లలో ఒక్క అక్షరం: ఎ ఉండాల్సిన చోట టి. దాంతో హిమోగ్లోబిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు అలాంటి హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కొని గట్టిపడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజులకే పగిలిపోతుంది.

అయితే ఇదంతా తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ మార్పు వచ్చినవాళ్లకు. ఒక వైపు నుంచే వస్తే రెండో వైపు జన్యువు మంచి హిమోగ్లోబిన్ తయారుచేస్తూనే ఉంటుంది. వాళ్లే వాహకులు. మామూలు జీవితంలో వాళ్లు జబ్బు మనుషులు కారు. వాహకురాలు వాహకుడు కాని మనిషిని చేసుకుంటే పుట్టే ఏ బిడ్డకూ సికిల్ సెల్ జబ్బు రాదు. బిడ్డ వాహకం అయ్యే అవకాశం సగం ఉంటుంది, అంతే. ఇద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు అనుకోకూడదు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచే.

ఈ నాలుగు వాక్యాలు ఆ ఊళ్లో ఎవరైనా మన మాటలో చెప్పి ఉంటే ఆ సంబంధం ఆగేది కాదు. కార్డు ఇచ్చారు, మాట ఇవ్వలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ అక్షరం మార్పును 'లోపం' అని మన పాఠాల్లో రాస్తారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశోధనలో, వాహకులను ప్రాణాంతకమైన మలేరియా అంతగా పట్టదని చూపించాడు. మలేరియా ఎక్కువగా ఉన్న నేలల్లోనే ఈ మార్పు ఎక్కువగా నిలిచింది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. ఆ తర్వాత మధ్య భారతం అడవుల పొడుగునా కనిపించింది. అంటే మన ముత్తాతలు మలేరియా అడవిలో బతికి బట్ట కట్టిన చరిత్ర ఆ అక్షరంలో ఉంది. జబ్బును జబ్బు అనాల్సిందే, రెండు వైపులా వచ్చిన బిడ్డ పడే నొప్పి చూసిన వాళ్లెవరూ దాన్ని పొగడరు. కానీ అది మన జాతి చేసిన తప్పు కాదు.

'జీవగ్రంథం' అనే మాట

నేను టీటీసీ చదివే రోజుల్లో, 2000 జూన్‌లో, అమెరికా అధ్యక్షుడు వైట్‌హౌస్‌లో నిలబడి మనిషి జీనోమ్ ముసాయిదా సిద్ధమైందని ప్రకటించాడు. మరునాడు పేపర్లలో 'జీవగ్రంథం తెరుచుకుంది' అనే ధోరణిలో వార్తలు వచ్చాయి. 1990లో మొదలైన ఆ ప్రాజెక్టు 2003లో ముగిసిందన్నారు. నేనూ నమ్మాను. తర్వాత పిల్లలకు అలాగే చెప్పాను: జీనోమ్ ఒక పుస్తకం, జన్యువులు అందులో వాక్యాలు.

పోలిక తేలికగా ఉంటుంది. కానీ ఇప్పుడు దాని మీద నాకు మూడు అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది: ఎవరి పుస్తకం? ఆ ప్రాజెక్టు తయారుచేసిన నమూనా జీనోమ్ మనుషులందరిదీ కాదు. కొద్దిమంది దాతల నుంచి తీసుకున్నది. అందులో సుమారు 70 శాతం అమెరికాలోని బఫెలో నగరంలో రక్తం ఇచ్చిన ఒకే ఒక మనిషిది. ప్రపంచంలో ఎవరి జీనోమ్ చదివినా చాలా ఏళ్లు దాంతోనే పోల్చి చూశారు. దానికి తేడాగా ఉన్న ప్రతిదీ 'మార్పు' అయింది. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా 99.9 శాతం అక్షరాలు ఒకటే. అయినా మొత్తం పెద్దది కాబట్టి ఒక మనిషికీ ఆ నమూనాకూ మధ్య 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ హానీ చేయవు. 2015లో ముగిసిన '1000 జీనోమ్స్' ప్రాజెక్టులో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు బ్రిటన్‌లో ఉంటున్న 102 మంది తెలుగువాళ్లు. మన్యం ఊళ్లలో తెలుగు మాట్లాడే కొండరెడ్డి ముసలమ్మ ఆ 'తెలుగు' అనే గడిలో ఎక్కడుంది? ఈ లోపం శాస్త్రవేత్తలకూ తెలుసు. అందుకే 2023లో 47 మంది జీనోమ్‌లను కలిపి కొత్త నమూనా మొదటి రూపాన్ని తెచ్చారు.

రెండోది: పుస్తకం అంటే అక్షరం వచ్చినవాడు చదివేస్తాడు అని అర్థం వస్తుంది. జీనోమ్ అలా లేదు. కోయ ఇలవేల్పుల దగ్గర డోలీలు విప్పే పడిగెను గుర్తు తెచ్చుకోండి. ఆ బట్ట మీద బొమ్మలు అందరికీ కనిపిస్తాయి. ఏనుగును ఏనుగు అని, మనిషిని మనిషి అని చిన్నపిల్లాడూ చెబుతాడు. కానీ ఏ బొమ్మ ఏ తాతది, అతను ఎక్కణ్నుంచి ఎక్కడికి నడిచాడు అనేది డోలి పాడితే తప్ప తెలియదు. బొమ్మలు చూడటం వేరు, కథ తెలియడం వేరు. జీనోమ్‌లో అక్షరాల వరస తెలుసుకోవడం బొమ్మలు చూడటం లాంటిది. ఆ అక్షరం ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలంటే చాలామంది మనుషుల్ని, వాళ్ల ఆరోగ్యాన్ని, తిండిని, నేలను కలిపి చూడాలి. సికిల్ సెల్ లాగా ఒక అక్షరం, ఒక జబ్బు అని తేలిపోయేవి తక్కువ. చక్కెర జబ్బు, బీపీ, ఎత్తు వంటి వాటి వెనక వందల వేల చోట్ల ఉన్న చిన్న చిన్న తేడాలు, వాటితో పాటు తిండి, పని, పేదరికం అన్నీ ఉంటాయి. తెలివి, మంచితనం, 'వెనకబాటుతనం' ఫలానా జన్యువులో ఉన్నాయని ఎవరన్నా అంటే అది శాస్త్రం కాదు, పాత కులాహంకారానికి తెల్లకోటు తొడగడం.

మూడోది: తెరుచుకుంది అన్న ఆ గ్రంథంలో చాలా పేజీలు అప్పటికి ఖాళీగానే ఉన్నాయి. 2003లో ముగిసింది అన్నదానిలో సుమారు 8 శాతం 2022 దాకా పూర్తికాలేదు. ఎందుకు కాలేదో తెలుసుకుంటే మొత్తం జీనోమ్‌ను ఎలా చదువుతారో కూడా అర్థమవుతుంది. తోటి టీచర్లు దీన్ని తరగతి గదిలో చేయించవచ్చు.

కాగితం ముక్కల ఆట

ఒక పేరాను పది కాగితాల మీద ఒకే రకంగా రాయించండి. పదింటినీ పిల్లల చేత ఇష్టం వచ్చినట్టు చిన్న ముక్కలుగా చింపించండి. ఒక్కో ముక్క మీద మూడు నాలుగు మాటలే ఉండాలి. అన్నీ కలిపేసి, అసలు పేరాను మళ్లీ కూర్చమనండి. పది కాగితాలూ ఒకే చోట చిరగవు కాబట్టి ఒక ముక్క చివరి మాట ఇంకో ముక్క మొదట్లో కనిపిస్తుంది. దాన్ని పట్టుకొని పిల్లలు వరస కలుపుతారు. ఒక ముక్కలో ఎవరైనా తప్పు రాసినా మిగతా తొమ్మిదింటిని చూసి దిద్దుతారు.

మొత్తం జీనోమ్ సీక్వెన్సింగ్ చాలావరకు ఇదే. నెత్తురు లేదా ఉమ్మి తీసుకుంటారు. ఎర్రకణాల్లో డీఎన్‌ఏ ఉండదు, తెల్లకణాల నుంచి తీస్తారు. దాన్ని ముక్కలు చేస్తారు. మామూలుగా వాడే యంత్రాలు ఒక్కో ముక్కలో సుమారు 150 అక్షరాలు చదువుతాయి. ప్రతి చోటునూ సగటున 30 సార్లు చదివేలా చూస్తారు. ఆ కోట్ల ముక్కల్ని కంప్యూటర్ నమూనా జీనోమ్ పక్కన పెట్టి ఏది ఎక్కడిదో సర్దుతుంది. చివరికి తేడాల పట్టిక ఇస్తుంది. మొదటి ప్రాజెక్టుకు వందల కోట్ల డాలర్లు, పదమూడేళ్లు పట్టాయి. ఇప్పుడు ఒక మనిషి జీనోమ్‌ను వెయ్యి డాలర్ల లోపే, కొద్ది రోజుల్లో చదువుతున్నారు.

ఇప్పుడు అదే ఆటను పేరాతో కాకుండా ఒక రేల పాటతో ఆడించండి. ప్రతి చరణం తర్వాత అదే పల్లవి వస్తుంది. పల్లవి రాసిన ముక్క చేతిలో ఉంటుంది, అది ఎన్నో చరణం తర్వాతదో చెప్పలేరు. జీనోమ్‌లోనూ ఇలా ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. మిగిలిపోయిన ఆ 8 శాతంలో ఎక్కువ భాగం ఇవే. వేల అక్షరాల పొడుగు ముక్కల్ని ఒకేసారి చదివే యంత్రాలు వచ్చాకే ఆ ఖాళీలు నిండాయి. మా పిల్లలు ఈ సంగతిని పాఠ్యపుస్తకం కంటే పాటతోనే తొందరగా పట్టుకున్నారు.

మొత్తం చదవాల్సిన అవసరం ఎప్పుడు?

ఈ మధ్య జీనోమ్ అన్నమాట వినగానే అన్ని జబ్బులకూ అదే మందు అన్నట్టు మాట్లాడుతున్నారు. దీన్నీ నెమ్మదిగా చూడాలి.

సికిల్ సెల్ తెలుసుకోవడానికి మొత్తం జీనోమ్ చదవనక్కర్లేదు. వేలి కొసన చుక్క నెత్తురుతో ముందు పరీక్ష చేస్తారు. అనుమానం ఉంటే హిమోగ్లోబిన్‌ను విడదీసి చూసే పరీక్షతో ఖాయం చేస్తారు. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభించిన మిషన్ కూడా ఇలాంటి పరీక్షలతోనే 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని చూడాలని పెట్టుకుంది. 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలన్నది లక్ష్యం. మంచిదే. కానీ జబ్బు ఉన్న బిడ్డకు కావాల్సింది హైడ్రాక్సీయూరియా బిళ్లలు ఆగకుండా దొరకడం, జ్వరం వస్తే వెంటనే చూసే పీహెచ్‌సీ, నెత్తురు ఎక్కించాలంటే నిల్వ ఉండటం, వానాకాలంలో వాగు దాటే దారి. ఇవేవీ జీనోమ్ చదివితే రావు. అమెరికాలో 2023 డిసెంబరులో సికిల్ సెల్‌కు జన్యువును సవరించే చికిత్సకు అనుమతి వచ్చింది. దాని వెల ఒక్క మనిషికి 22 లక్షల డాలర్లు. విజ్ఞానం ఎంత దూరం పోయిందో, మన వాగు అవతలి గూడేనికి ఎంత దూరంలో ఉండిపోయిందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మరి మొత్తం చదవడం ఎక్కడ పనికొస్తుంది? ఏ పరీక్షకూ అందని అరుదైన జబ్బుతో పుట్టిన బిడ్డ విషయంలో పనికొస్తుంది. క్షయ క్రిమి జీనోమ్ చదివి ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుంటున్నారు. కరోనా రోజుల్లో కొత్త రకాలను పట్టుకున్నది వైరస్ జీనోమ్ చదివే. ఈ మేలును కాదనలేం. ఏ పనికి ఏ పరికరమో తెలుసుకోవాలి. గునపంతో అయ్యే పనికి బుల్డోజర్ తెస్తామన్నప్పుడు బుల్డోజర్ ఇంకా దేనికోసం వస్తోంది అని అడగాలి.

గట్టు నెత్తురులో ఉందా?

మన యువకులు కొందరు నన్ను ఇంకో ప్రశ్న అడుగుతారు: "సార్, జీనోమ్ చదివితే మనం కోయలమని తేలుతుందా? మనమే ఈ నేల మొదటి మనుషులమని రుజువవుతుందా?"

మా గట్టు తండ్రి నుంచి వస్తుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెళ్లి కుదరదు. జీనోమ్‌లో ఇలా తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోయేది వై క్రోమోజోమ్. అది మొత్తంలో రెండు శాతం మాత్రమే. తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు వచ్చేది ఇంకొకటి ఉంది, మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అందులో 16,569 అక్షరాలే ఉంటాయి. మిగిలిందంతా నాయనమ్మ, అమ్మమ్మ, ఇద్దరు తాతలు, వాళ్ల వెనక వాళ్లు అందరూ కలిసి ఇచ్చింది. మన ఒంట్లో ఒక్క గట్టు లేదు, పెళ్లిళ్లతో కలిసిన గట్లన్నీ ఉన్నాయి. పది తరాలు వెనక్కి పోతే వెయ్యికి పైగా తాతమ్మలు, తాతయ్యలు. వాళ్లలో గట్టు పేరు ఇచ్చింది ఒక్క తాత.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ చూశారు. ఈ దేశంలోని సమూహాల్లో చాలావరకు రెండు ప్రాచీన వంశధారలు వేరువేరు పాళ్లలో కలిసి ఉన్నాయని చెప్పారు. ఆ కలయికలో ఆదివాసులూ ఉన్నారు, పై కులాలూ ఉన్నాయి. స్వచ్ఛమైన నెత్తురు అని గొప్ప చెప్పుకునేవాళ్లకు అది మంచి జవాబు. మనకూ అది జవాబే. మన హక్కు మన నెత్తుటి స్వచ్ఛత మీద ఆధారపడి లేదు. పోడు పట్టా, 1/70 చట్టం, రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఇవేవీ వై క్రోమోజోమ్ చూసి ఇచ్చినవి కావు. రేపు ఎవరన్నా ల్యాబు కాగితం పట్టుకొని 'నువ్వు ఆదివాసివి కాదు' అంటే ఒప్పుకుంటామా? అలాంటప్పుడు 'నువ్వు ఆదివాసివే' అని చెప్పడానికి కూడా ల్యాబు కాగితం అడగకూడదు.

సంతకం ఎవరిది?

ఇక ముఖ్యమైన సంగతి. వేలి చుక్కతో చేసే సికిల్ పరీక్ష ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. నరం నుంచి గొట్టంలోకి తీసి చలిపెట్టెలో దాచిన నెత్తురు అలా కాదు. అందులో జీనోమ్ మొత్తం ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా, ఏ ప్రశ్నతోనైనా దాన్ని మళ్లీ చదవచ్చు. చక్కెర జబ్బు కోసం ఇచ్చిన నెత్తురు ఇంకోదానికి వాడొచ్చు.

ఇది ఊహ కాదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్లలో చక్కెర జబ్బు ఎక్కువ. 1990లో మొదలుపెట్టి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల నెత్తురు తీసుకున్నారు. చక్కెర జబ్బు గురించే అని వాళ్లు అనుకొని ఇచ్చారు. తర్వాత అదే నెత్తురుతో మానసిక వ్యాధి గురించి, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్ల గురించి, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్నుంచి వలస వచ్చారనే దాని గురించి పరిశోధనలు చేశారు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల పురాణం. వాళ్లను అడక్కుండానే దాన్ని తప్పని రాసేశారు. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2010లో రాజీ కుదిరింది. 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చారు. అంతకంటే పెద్ద సంగతి, మిగిలిన నెత్తురును వాళ్లకు తిరిగి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో సాన్ ఆదివాసులు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులు పాటించాల్సిన నియమావళిని తామే రాసుకున్నారు. తమ జీనోమ్‌ల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో తమ అనుమతి తీసుకున్న తీరు, తమ గురించి రాసిన తీరు వాళ్లకు నచ్చకపోవడం కూడా దానికి ఒక కారణం.

మన దగ్గరా గుర్తుంచుకోవాల్సిన ఘటన ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు ఒక టీకా ప్రాజెక్టు కింద సూదులు వేశారు. వాళ్లలో ఆశ్రమ హాస్టళ్లలోని ఆదివాసీ పిల్లలు చాలామంది. 2010లో దాన్ని ఆపేశారు. జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట రెండు వేలకు పైగా కాగితాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయని, ఇంకా చాలా కాగితాల మీద వేలిముద్రలే ఉన్నాయని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. అది జీనోమ్ సంగతి కాదు, నిజమే. అయితే ఆ సంతకాలు పెట్టింది ఎవరు? మనలాంటి వాళ్లమే. పైనుంచి ఫోన్ వస్తే సంతకం పెట్టే అలవాటు మన వృత్తిలో ఉంది. నేనూ అలా పెట్టినవాణ్నే, అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను.

ఇప్పుడు జీనోమ్ పనులు మన గడపల దాకా వచ్చాయి. 2020లో మొదలైన 'జీనోమ్ ఇండియా' ప్రాజెక్టు 80కి పైగా సమూహాల నుంచి దాదాపు 10,000 మంది జీనోమ్‌లు చదివింది. వాటిలో ఆదివాసీ సమూహాలూ ఉన్నాయి. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని జాతీయ కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. గుజరాత్ ప్రభుత్వం అదే ఏడాది 2,000 మంది ఆదివాసుల జీనోమ్‌లు చదివే ప్రాజెక్టు ప్రకటించింది. రేపు మన రాష్ట్రాల్లోనూ వస్తాయి.

అయితే వద్దనేద్దామా? ఆ మాట తేలిక. కానీ నమూనాలో మనం లేకపోతే మన బిడ్డ జీనోమ్‌లోని మామూలు తేడాను డాక్టరు జబ్బు అనుకోవచ్చు, జబ్బును మామూలు తేడా అనుకోవచ్చు. తెలుగు నేల నుంచే ఒక మంచి ఉదాహరణ ఉంది. వైశ్య సమాజంలో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక కండరాల మందు పడదు; దాని ప్రభావం చాలాసేపు తగ్గదు, ఊపిరి ఆడదు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువులో వాళ్లలో ఒక మార్పు ఎక్కువగా ఉంది. ఇది తెలిశాక మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్త పడుతున్నారు. ఎవరూ ఆ సమాజాన్ని జబ్బు జాతి అనలేదు, వాళ్ల సంబంధాలు చెడిపోలేదు. ఒక సమూహపు జన్యు సమాచారం గౌరవంగా వాడుకోవచ్చని అది చూపిస్తోంది. వాళ్లకు దొరికిన గౌరవం మనకూ దొరకాలి. తేడా జన్యువుల్లో లేదు, అడిగే గొంతులో ఉంది.

ఆ గొంతు తెచ్చుకోవడానికి నియమాలు మనవైపే ఉన్నాయి. ఆదివాసుల మీద చేసే పరిశోధన వాళ్లకు మేలు చేసేదై ఉండాలని, వాళ్ల భాష తెలిసినవాళ్ల ద్వారా, పెద్దల సంప్రదింపుతో అనుమతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊరి పెద్ద ఒప్పుకున్నా ప్రతి మనిషినీ విడిగా అడగాల్సిందే. కాబట్టి నెత్తురు గొట్టంతో ఎవరొచ్చినా ఈ ప్రశ్నలు అడుగుదాం: ఇది వైద్య పరీక్షా, పరిశోధనా? ఒక్క జన్యువు చూస్తారా, మొత్తం జీనోమ్ చదువుతారా? మిగిలిన నెత్తురు ఎక్కడ, ఎన్నేళ్లు ఉంచుతారు? వేరే పనికి వాడే ముందు మళ్లీ వచ్చి అడుగుతారా? ఫలితం మాకు ఎవరు, ఏ భాషలో చెబుతారు? జబ్బు తేలితే మందు ఎక్కడ దొరుకుతుంది? వద్దంటే మా రేషనుకో స్కాలర్‌షిప్పుకో ఇబ్బంది ఉంటుందా? గ్రామసభలో అందరి ముందు జవాబు చెప్పాలి. జవాబులు చెప్పగలిగిన వాళ్లకు కుర్చీ వేద్దాం, మంచినీళ్లు ఇద్దాం. చెప్పలేని వాళ్లను తెలుసుకొని రమ్మందాం. అప్పటిదాకా టీచర్లుగా మనం తల్లిదండ్రుల గీత మీద సంతకం పెట్టవద్దు.

యువ మిత్రులకు ఒక మాట. ఇంతకాలం మన పాటలు, మన పడిగెలు, మన కొలతలు వేరేవాళ్లు వచ్చి రాసుకుపోయారు. ఇప్పుడు నెత్తురు వంతు వచ్చింది. దీనికి కాపలా కాయడం ఒక్కటే చాలదు. మీలో కొందరు జన్యుశాస్త్రం చదవాలి, ఆ యంత్రాల ముందు కూర్చోవాలి, జన్యు సలహాదారులుగా మన భాషలో మన ఊళ్లకు తిరిగి రావాలి. పడిగె ముందు డోలి ఉన్నట్టు, మన జీనోమ్ ముందు మనవాళ్లు ఉండాలి.

ఆ పిల్ల విషయం చెప్పి ముగిస్తాను. ఆదివారం నేనూ, ఆ ఊరి ఆశా కార్యకర్తా కలిసి వాళ్లింటికి వెళ్లాం. చీకటి పడే వేళకి పది పన్నెండు మంది పోగయ్యారు. ఎర్ర చిక్కుడు గింజలు, తెల్ల చిక్కుడు గింజలు నేల మీద పెట్టి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అని లెక్క చూపించాం. సగం దూరం నేను చెప్పాను. మిగతా సగం ఆ పిల్లే కోయలో చెప్పింది, నాకంటే బాగా. వెనక్కి పోయిన సంబంధం మళ్లీ రాలేదు. కానీ ఆమె అక్క పరీక్ష చేయించుకుంది. ఆ తర్వాత సంబంధం మాట్లాడటానికి వచ్చిన కుర్రాణ్ని, "మరి నువ్వు చేయించుకున్నావా?" అని ఆ ఇంటి తల్లి అడిగిందట.